నీ కాళ్ళు ఏం చేస్తాండాయిరా: జాకార్డు గ్రాఫు, జింప్, మూడు తొక్కుడు చెక్కలు

1వ రోజు

మాది ధర్మవరం. ముందుగదిలో నాయన మగ్గం, వెనకగదిలో నా ల్యాప్‌టాప్. ఆయన నేస్తాడు, నేను గ్రాఫులు గీస్తాను. గ్రాఫు అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చీర అంచులోనో కొంగులోనో వచ్చే బొమ్మను ముందుగా గళ్ళుగా విడగొట్టాలి. అడ్డంగా ఒక్కో గడి జాకార్డులో, అంటే మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) లేపే యంత్రంలో, ఒక్కో కొక్కెం. నిలువుగా ఒక్కో వరస ఒక్కో పేక, అంటే అడ్డపోగు. గడి నిండి ఉంటే ఆ కొక్కెం లేస్తుంది, ఖాళీగా ఉంటే లేవదు. ఈ గ్రాఫు చూసే అట్టలకు రంధ్రాలు కొడతారు. ఇప్పుడు నా చేతిలో ఉన్న మామిడిపిందె బుటా 240 కొక్కేలు, 320 పేకలు. లెక్కేస్తే 76,800 గళ్ళు, 320 అట్టలు.

జాకార్డు కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటి ధర నాకు అందదు. అందుకని జింప్, ఉచితంగా దొరికే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్. బొమ్మను ఇండెక్స్‌డ్ రంగుల్లోకి, అంటే లెక్కపెట్టిన కొన్ని రంగుల్లోకి, మార్చి, పెన్సిల్ టూలును ఒక్క పిక్సెల్‌కు పెట్టుకుని, ఎనిమిది వందల శాతం జూమ్‌లో గడి గడీ నింపుకుంటూ పోవడం. నాలుగేళ్ళుగా ఇదే పని. ఈ వేసవి నుంచి కుడి మణికట్టు మొరాయిస్తోంది. మౌస్ తగ్గించమన్నారు డాక్టరు గారు. మౌస్ తగ్గితే తిండీ తగ్గుతుంది.

షార్ట్‌కట్లు వాడుకోవచ్చు కదా అనే మాట మీ నోట్లో ఉంటుందని తెలుసు. వాడుతూనే ఉన్నాను. పెన్సిల్ పట్టుకుని ఉండగా కంట్రోల్ నొక్కిపెడితే అది కాసేపు రంగు తీసుకునే టూలు అవుతుంది. స్పేస్ నొక్కిపెట్టి మౌస్ కదిపితే కాన్వాసు జరుగుతుంది. ఎక్స్ నొక్కితే ముందు రంగు, వెనక రంగు తారుమారు. మంచి ఏర్పాటే, కాదనను. కానీ ఎడమ చిటికెనవేలితో రోజంతా కంట్రోల్ నొక్కిపెట్టేసరికి ఇప్పుడు రెండు చేతులూ నొప్పి.

అసలు చెయ్యి ఎక్కడికెక్కడికి తిరుగుతోందో చూద్దామని చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టాను. నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత, అలా అరగంట లెక్క రాసింది. రంగు మార్చడం 58 సార్లు. కాన్వాసు జరపడం 44. జూమ్ 31. టూలు మార్చడం 12. మెనూలోకి వెళ్ళడం 5. చివర్లో తనే ఒక వాక్యం చేర్చింది: "అన్నయ్య గీసేదానికంటే తిరిగేదే ఎక్కువ."

నీళ్ళు తాగడానికి వచ్చిన నాయన నోటుబుక్కు చూశాడు. తర్వాత బల్ల కిందికి వంగి చూశాడు.

"నీ కాళ్ళు ఏం చేస్తాండాయిరా?"

3వ రోజు

ఆ మాట రెండు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషిని చూడండి. కాళ్ళు కింద చెక్కలు తొక్కుతుంటాయి, ఒక చెయ్యి తాడు లాగి పేక పోగు మోసే నాడెను పంపుతుంది, ఇంకో చెయ్యి పేకను దగ్గరకు కొడుతుంది. ఒకే పనిని మొత్తం ఒళ్ళు పంచుకుంటుంది. నేనేమో మెడ కింద నుంచి బొమ్మలా కూర్చుని, భారమంతా ఒక్క మణికట్టు మీద వేస్తున్నాను.

రాత్రి పాత సంగతులు చదువుతుంటే ఒకటి దొరికింది. మౌస్‌ను కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960లలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో తెర మీద గురి చూపే పరికరాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. లైట్ పెన్, జాయ్‌స్టిక్, మౌస్, వాటితోపాటు బల్ల కింద బిగించి మోకాలితో కదిపే పరికరం కూడా. ఆ ఫలితాలు 1967లో అచ్చయ్యాయి. చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర గెలిచింది మౌసే, కానీ మోకాలు మరీ తీసిపారేయాల్సినంతగా ఏమీ ఓడిపోలేదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన చేసిన ప్రదర్శనలో కుడిచేతికి మౌస్, ఎడమచేతికి ఐదు మీటల చిన్న పలక. ఆ మీటలను కలిపి నొక్కితే అక్షరాలు, ఆజ్ఞలు వెళ్ళేవి. మనకు మౌస్ ఒక్కటే వచ్చింది, ఐదు మీటలు అక్కడే ఆగిపోయాయి. ఎడమచేతి సగాన్ని వదిలేసి కుడిచేతి సగాన్ని మాత్రం ప్రపంచమంతా వాడుకుంది. నా మణికట్టు వైపు నుంచి చూస్తే అది నష్టపు బేరమే.

సరే, కాలికి పని పెడదాం.

5వ రోజు

సామాను. ఒక ప్రో మైక్రో, అంటే మనం రాసిన కోడు నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు. దాని మీద ఉండేది ఏటీమెగా32యూ4 చిప్పు, అది తనంతట తానే యూఎస్‌బీ కీబోర్డుగా కంప్యూటరుకు పరిచయం చేసుకోగలదు. నా దగ్గర ముందే పాత ఆర్డుయినో ఊనో బోర్డు ఉంది, కానీ దాని అసలు చిప్పుకు యూఎస్‌బీ నేరుగా అందదు, మధ్యలో ఇంకో చిప్పు కూర్చుని ఉంటుంది. కీబోర్డు వేషం వేయించాలంటే తలనొప్పి. అందుకే కొత్తది కొన్నాను.

చెక్కలు: నాయన పాత మగ్గం తాలూకు విరిగిన పలకలు మూడు, జానెడు పొడవున కోసినవి. వెనక తలుపు బందు, ముందు కింద స్ప్రింగు. స్విచ్‌లకు రెండు పాత కాలింగ్ బెల్ బటన్లు కొట్లో దొరికాయి, మూడోది దొరకలేదు. మా గుమ్మానికి ఉన్నది ఊడబీకాను. రెండు రోజుల్లో మళ్ళీ బిగిస్తానని అమ్మకు మాటిచ్చాను.

ఎడమ చెక్క స్పేస్, మధ్య చెక్క కంట్రోల్, కుడి చెక్క ఎక్స్.

6వ రోజు

పావుగంటలో కోడు రాసి ఎక్కించాను. ఒక స్విచ్‌కు పుల్‌అప్, అంటే నొక్కనప్పుడు పిన్నును ఒకే స్థితిలో పట్టి ఉంచే ఏర్పాటు, పెట్టడం మరిచాను. పుల్‌అప్ లేని పిన్ను గాలిపటం లాంటిది, ఎటు గాలి వీస్తే అటు పోతుంది. బోర్డు తగిలించగానే ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని వరద. ఎక్కడ కర్సరు ఉంటే అక్కడ ఎక్స్‌లే. దిద్దిన కోడు ఎక్కించబోతే ఎడిటర్లోనూ ఎక్స్‌లు పడుతున్నాయి, ఫైలు పేరులోనూ ఎక్స్‌లే.

బయటపడ్డ దారి: రీసెట్ పిన్నును గ్రౌండుకు వెంటవెంటనే రెండుసార్లు తాకిస్తే బోర్డు 8 సెకన్లపాటు బూట్‌లోడర్లో, అంటే కొత్త కోడు కోసం ఎదురుచూసే స్థితిలో, ఆగుతుంది, ఆ లోపల కొత్త కోడు ఎక్కించేయాలి. చెల్లెలు పిన్నీసుతో తాకించింది, నేను బటన్ నొక్కాను. నాలుగోసారికి కుదిరింది.

7వ రోజు

ఇంకో తప్పు, ఇది కాస్త లోతైనది. ఎడమ చెక్క తొక్కిపెట్టి కాన్వాసు జరుపుతుండగా కుడి చెక్కను ఒకసారి తట్టి వదిలితే, జరగడం కూడా అక్కడికక్కడే ఆగిపోతోంది. స్విచ్ అనుమానించాను, తీగ అనుమానించాను. చివరికి చూస్తే, చెక్క వదిలినప్పుడు అన్ని కీలనూ ఒకేసారి వదిలేయమనే ఆజ్ఞ రాసి ఉంది. కుడికాలు లేస్తే ఎడమకాలు తొక్కుతున్నదీ పోయింది. ఏ చెక్క వదిలితే ఆ కీ మాత్రమే వదలాలని మార్చాను, బాగైంది.

కాలింగ్ బెల్ బటన్లు ఒక్క నొక్కుకు రెండు మూడుసార్లు అదురుతున్నాయి. లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు కొట్టుకుంటుందన్నమాట. ఎక్స్ రెండుసార్లు పడితే రంగు మారి మళ్ళీ మొదటికే వస్తుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. మారాక 20 మిల్లీసెకన్ల వరకు ఇంకో మార్పును లెక్కలోకి తీసుకోవద్దని రాశాను.

9వ రోజు

మూడు రోజులు వాడాక తెలిసింది: కాలు నొక్కిపెట్టడంలో దిట్ట, తట్టడంలో మొద్దు.

స్పేస్, కంట్రోల్ రెండూ నొక్కిపెట్టేవి. అవి కాలికి ఎంత హాయిగా ఉన్నాయంటే, రెండో రోజుకే వాటి గురించి ఆలోచించడం మానేశాను. కాలు దింపితే కాన్వాసు చేతికొస్తుంది, ఎత్తితే పెన్సిలు. ఏ అవస్థలో ఉన్నానో తెర మీద వెతుక్కునే పని లేదు, మడమే చెబుతుంది. అడక్కుండా వచ్చిన లాభం ఇంకోటి: కంట్రోల్ చెక్క తొక్కి మౌస్ చక్రం తిప్పితే జూమ్. చెల్లెలి లెక్కలోని 31 అక్కడే తీరిపోయింది.

ఎక్స్ మాత్రం చెడింది. గడి నింపే లయకు కాలు అందుకోలేదు. రంగు మారేలోపు చెయ్యి తర్వాతి గడి మీదికి వెళ్ళిపోయింది. మామిడిపిందె తొడిమ దగ్గర పదకొండు గళ్ళు తిరగబడ్డాయి.

అందుకని కుడి చెక్కకు ఎక్స్ తీసేసి అన్‌డూ (చేసినదాన్ని వెనక్కి తీసేది) పెట్టాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఈ డైరీలో ఇంకోటి లేదు.

10వ రోజు

మధ్యాహ్నం ఫోను వచ్చింది. మాట్లాడుతూ కాలు చాపాను. కుడి చెక్క మీద పడింది. కీబోర్డులో కంట్రోల్ లాంటివి కాకుండా మామూలు కీ ఏదైనా నొక్కిపెడితే కంప్యూటరు దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కినట్టే లెక్కేస్తుంది కదా. ఫోను పెట్టేసి చూస్తే పొద్దుటి నుంచి గీసిన ఆకులన్నీ లేవు. రీడూతో తిరిగి తెచ్చుకోవచ్చు, అది తెలుసు. కానీ కంగారులో మౌస్ చేతిలోకి తీసుకునేటప్పుడు కాన్వాసు మీద ఒక్క చుక్క పడింది. కొత్త చుక్క పడితే రీడూ దారి మూసుకుపోతుంది. ఆ చుక్క ఖరీదు మూడు గంటలు.

నాయన వచ్చి చూసి, ఓదార్చకుండా, "మూడోది ఎందుకుపెట్నావురా, ఉండేది రెండు కాళ్ళే కదా" అన్నాడు.

కుడి చెక్కను పక్కన పడేశాను. స్విచ్ మాత్రం తియ్యలేదు, తర్వాత పనికొస్తుందేమోనని. గుమ్మం దగ్గర ఎవరో తలుపు బాదుతున్నారు. బెల్లు లేదు కదా.

13వ రోజు

రంగు మార్చడానికి గుండ్రటి బుడిపె. మార్కెట్లో కేవై-040 అని దొరికే రోటరీ ఎన్‌కోడరు, చుట్టుకు 20 మెట్లు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చాలు, చిటికెనవేలికి సెలవు. కుడికి తిప్పితే ప్యాలెట్‌లో తర్వాతి రంగు, ఎడమకు తిప్పితే ముందరి రంగు, నొక్కితే ఎక్స్. జింప్‌లో ఈ రంగు మార్పులకు ఆజ్ఞలు ఉన్నాయి, ఏ కీ కావాలంటే అది తగిలించుకోవచ్చు. అసలు ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కంట్రోలర్లు అని ఒక మూల ఉంది, మిడి కీబోర్డును (సంగీతం వాయించేది) కూడా జింప్‌కు కట్టుకోవచ్చు. సా నొక్కితే బ్రష్ పెద్దది, రి నొక్కితే చిన్నది. సరదాగా ఉంటుంది గానీ, మా ఇంట్లో ఇప్పటికే మగ్గం చప్పుడుంది.

మొదటిసారి ఒక్క మెట్టు తిప్పితే నాలుగు రంగులు దాటిపోయింది. ఈ ఎన్‌కోడరు ఒక్కో మెట్టుకు నాలుగు మార్పులు పంపుతుంది, నా కోడు నాలుగింటినీ నాలుగు అడుగులుగా లెక్కేసింది. నాలుగుతో భాగించాను.

కీలుగా ఏవి పంపాలి? మామూలు కీబోర్డులో ఎఫ్12 దాకానే ఉంటాయి గానీ, యూఎస్‌బీ కీబోర్డు ప్రమాణంలో ఎఫ్24 వరకు ఉన్నాయి. ఎవరూ వాడని కీలు, దేనితోనూ తగాదా రాదు అనుకుని ఎఫ్21, ఎఫ్22, ఎఫ్23 ఎంచుకున్నాను. బుడిపె తిప్పాను. రంగు మారలేదు, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ చచ్చిపోయింది. తిప్పితే బతికింది. నొక్కితే మళ్ళీ పోయింది.

బుడిపెలో షార్ట్ అయిందేమోనని గంటసేపు మీటరు పెట్టి వెతికాను. కారణం తీగల్లో లేదు. నా ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్ కీబోర్డు పట్టికలో సరిగ్గా ఆ మూడు కీలకూ టచ్‌ప్యాడ్ మార్చు, పెట్టు, ఆపు అనే అర్థాలు రాసి ఉన్నాయి. ఎఫ్20 అయితే మైకు మూసేది. ఎవరూ లేరనుకున్న ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ముందే ఉన్నారు. కీబోర్డు అమరికల్లో ఎఫ్13 నుంచి ఎఫ్24 వరకు మామూలు ఫంక్షన్ కీలుగా చూడమనే ఎంపిక ఒకటి ఉంది. అది పెట్టాక తగాదా తీరింది.

16వ రోజు

గొంతుతో కూడా ఒక ప్రయత్నం. వోస్క్ అనే మాట గుర్తుపట్టే పనిముట్టు ఇంటర్నెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. దానికి నిఘంటువంతా ఇవ్వకుండా ఎనిమిది మాటలే వినమని చెప్పొచ్చు. సేవ్, మిర్రర్, గ్రిడ్, ఇలాంటివి. అర్ధరాత్రి బాగా పనిచేసింది. పొద్దున మగ్గం మొదలవగానే టకటకలో దానికి సేవ్ ఒక్కటే వినిపించింది, అదీ నేను అననప్పుడు. తీసేశాను.

అరుదుగా వాడే ఆజ్ఞలకు అంతకంటే మంచిది జింప్‌లోనే ఉంది: స్లాష్ కీ నొక్కితే వెతుకు పెట్టె తెరుచుకుంటుంది, ఆజ్ఞ పేరులో నాలుగక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఏ మెనూలో ఏ ఉపమెనూలో ఉందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాలుగేళ్ళుగా ఈ కీ నా కళ్ళెదుటే ఉంది.

19వ రోజు

చెల్లెలు మళ్ళీ లెక్క రాసింది. అదే అరగంట, అదే రకం పని. మౌసుతో రంగు కోసం వెళ్ళడం 6. జరపడం, జూమ్ కోసం చెయ్యి తిరగడం సున్నా. మెనూ 1. కానీ ఈసారి దాని నోటుబుక్కులో కొత్త వరస ఒకటి ఉంది: "చుక్కలు." పోయినసారి దాన్ని గీయడం కింద కలిపేశామట. అరగంటలో ఆ చుక్కలు 212.

అవి ఏమిటంటే: మామిడిపిందె పొట్ట నిండా జరీయే. జరీ పోగు పొడుగ్గా పైన తేలితే గాజుకు తగులుతుంది, లాగుకుపోతుంది. మా మగ్గానికి తొమ్మిది కొక్కేలు దాటి తేలకూడదన్నది నాయన లెక్క. అందుకని పొట్టలో మధ్య మధ్య ఒక్కో గడి వదిలి, అక్కడ పోగును పడుగు కిందికి దించాలి. ఆ వదిలే గళ్ళనే నేను ఒక్కొక్కటిగా క్లిక్కుతూ వచ్చాను. చెక్కలూ బుడిపే ఎంత బాగున్నా, ఈ 212 క్లిక్కులకు అవి చేసిందేమీ లేదు.

ఇక్కడ చెయ్యి మార్చి కాలు పెట్టడం కాదు కావలసింది. ఈ నియమం నోటితో చెప్పగలను. నోటితో చెప్పగలిగినదాన్ని రాసేయొచ్చు. పైథాన్‌లో ముప్పై వరసలు: బొమ్మ తెరువు, ఒక్కో పేక వెంట ఎడమ నుంచి కుడికి నడువు, జరీ రంగు వరసగా తొమ్మిది దాటితే ఎర్రగా గుర్తుపెట్టు. నేను పూర్తయిందనుకున్న పాత గ్రాఫు ఒకటి ఇచ్చి చూశాను. 41 చోట్ల ఎరుపు. నాయన వేలు పెట్టి చూసి అప్పట్లో మూడు పట్టుకున్నాడు. మిగిలినవి నేతలోకి వెళ్ళిపోయాయి, ఆ చీర ఎవరి బీరువాలో ఉందో.

20వ రోజు

గుర్తుపెట్టడంతో ఆగకుండా చుక్కలు కూడా అదే పెట్టేలా రాశాను. ప్రతి పేకలో తొమ్మిదికొకటి. అర సెకను. బొమ్మ ప్రింటు తీసి నాయనకు చూపించాను.

కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కాయ పగిలినట్టుంది."

నిజమే. అన్ని పేకల్లోనూ చుక్క ఒకే కొక్కెం మీద పడింది, అందుకని పొట్టలో పైనుంచి కిందికి నిలువు గీతలు. నేతలో అది పగులులాగే కనబడుతుంది. నేను చేత్తో పెట్టేటప్పుడు తెలియకుండానే చెదరగొట్టేవాణ్ణి, నియమం రాసేటప్పుడు ఆ చెదరగొట్టడం చెప్పలేదు. చేతికి తెలిసిన సంగతి నాకు తెలియదన్నమాట.

సాటిన్ నేత లెక్క పట్టుకున్నాను. ఎనిమిది పోగులకు ఒక చుక్క, పేక మారినప్పుడల్లా చుక్క మూడు కొక్కేలు పక్కకు జరగాలి: 0, 3, 6, 1, 4, 7, 2, 5, మళ్ళీ 0. ఎనిమిది పేకల్లో ప్రతి కొక్కేనికీ ఒక్కసారే వంతు వస్తుంది, ఏ రెండు చుక్కలూ ఒకదాని పక్కన ఒకటి కూర్చోవు. తేలే పోగు ఏడు కొక్కేలే, నాయన హద్దుకు లోపలే. ఇంకో షరతు కూడా చేర్చాను: ఆకారం అంచుకు రెండు గళ్ళ లోపల చుక్క వద్దు, లేకపోతే అంచు కొరికినట్టు కనిపిస్తుంది.

రెండో ప్రింటు తీసుకుని నాయన మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగున్నట్టు.

21వ రోజు

అమ్మ చూస్తున్న టీవీలో చింతకింది మల్లేశం గారి పాత ఇంటర్వ్యూ వచ్చింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు పోగును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్కో చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు ముందుకూ వెనక్కూ తిరగాలి. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారాయన, 2017లో పద్మశ్రీ వచ్చింది. తొమ్మిది వేలు అని వినగానే చెల్లెలు నా వైపు చూసింది. నా 212ను రోజుకు హెచ్చించి చూస్తోందని అర్థమైంది. నేను టీవీ వైపే చూస్తూ ఉండిపోయాను.

24వ రోజు

ఇప్పుడున్న స్థితి. బల్ల కింద రెండు చెక్కలు: స్పేస్, కంట్రోల్. ఎడమచేతి కింద బుడిపె. చుక్కలు పెట్టే పైథాన్ స్క్రిప్టును స్లాష్ పెట్టె నుంచి కాకుండా టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) నుంచే నడుపుతున్నాను, జింప్ ప్లగిన్‌గా మార్చే ఓపిక ఇంకా రాలేదు. మణికట్టు పూర్తిగా తగ్గలేదు గానీ, సాయంత్రానికి గ్లాసు ఎత్తగలుగుతున్నాను. ఎడమ చెక్క స్ప్రింగు వదులైంది, తొక్కితే కీచుమంటోంది. నాయన ఆముదం చుక్క వేశాడు, అడక్కుండానే చెక్కలు రెండింటినీ కాస్త ఏటవాలుగా తిప్పి బిగించాడు. మడమ నేల మీదే ఉండి వేళ్ళు మాత్రమే దిగేలా. మగ్గంలో చెక్కలు అలాగే ఉంటాయి, నేను ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను.

మూడో చెక్కను అమ్మ వంటింట్లోకి తీసుకెళ్ళింది, వేడిగిన్నె దించుకోవడానికి. దాని స్విచ్ ఊడదీసి గుమ్మానికి బిగించాను. రెండు రోజులన్నది ఇరవై రోజులు పట్టింది. నొక్కి చూస్తే బెల్లు రెండుసార్లు మోగింది. 20 మిల్లీసెకన్ల కోడు దానికి లేదు కదా.